తెల్లగైతది, మేడం

నవత లెక్కల పేపరు దిద్దడానికి నళినికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎనభై మార్కుల పరీక్షలో ఆ పిల్ల రాసింది తన పేరు, రోల్ నంబరు, మొదటి ప్రశ్నకు సగం జవాబు. ఆ సగం కూడా కొట్టేసి ఉంది. మిగతా పేజీలు ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగొచ్చాయి.

నళిని ఎర్ర పెన్నుకు మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. సున్నా వేయడం ఆమెకు కొత్తేమీ కాదు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో చాలానే వేసింది. కానీ ఇదే పిల్ల మొన్న మంగళవారం బోర్డు దగ్గరికి వచ్చి, క్లాసులో ఎవరికీ కొరుకుడు పడని లెక్కను వెనక బెంచీ వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్తూ చేసింది. అదే లెక్క అంకెలు మారి ఆరో ప్రశ్నగా వచ్చింది. రాని పిల్లకు సున్నా వేసి మర్చిపోవచ్చు. వచ్చిన పిల్లకు సున్నా వేస్తే ఆ రోజంతా తిన్నది ఒంటబట్టదు.

నాంపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న సర్కారీ హైస్కూల్లో నళిని లెక్కల టీచరు. పుట్టింది గన్‌ఫౌండ్రీలో, కాపురం కూడా అక్కడే. ఆమెకు ఓపిక తక్కువని స్కూల్లో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయితే పదో తరగతికి లెక్కలు చెప్పే మనిషికి అంతకంటే ఎక్కువ ఓపిక ఎక్కణ్నించి వస్తుందని ఆమె వాదన.

మధ్యాహ్నం నవతను స్టాఫ్ రూముకు పిలిపించింది. పేపరు ముందు పెట్టి, ఏమైందని అడిగింది. నవత నేల చూస్తూ, "తెల్లగైతది, మేడం" అంది.

"ఏం తెల్లగైతది?"

"మొత్తం."

ఇది సాకు అనుకుంది నళిని. చదవని వాళ్లకు భయం ఉండాలి గాని చదివిన వాళ్లకు భయమెందుకని అడిగింది. ఆ మాట ఆమె ఇప్పటికి కొన్ని వందల మంది పిల్లలతో అని ఉంటుంది. నవత తల ఊపి వెళ్లిపోయింది. రెండు వారాల తర్వాత పెట్టిన స్లిప్ టెస్టులో మళ్లీ పేరు, రోల్ నంబరు మాత్రమే రాసింది.

తండ్రిని రమ్మని కబురు పెడితే సాయన్న ఆ సాయంత్రమే వచ్చాడు. మెదక్ దిక్కు నుంచి పన్నెండేళ్ల కింద వచ్చి, మొజంజాహీ మార్కెట్లో పండ్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. చేతిలో నాలుగు బత్తాయిలున్న కవరు. అది బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడాడు.

"బాదంలు నానబెట్టి ఇస్తున్న మేడం. దర్గాల తాయెత్తు కట్టిచ్చిన. ఊళ్లె పోచమ్మకు మొక్కిన. ఇంకేం జెయ్యాలె, మీరే చెప్పున్రి."

ఇంట్లో పిల్లతో ఏం అంటుంటారని నళిని అడిగింది. తమ ఇంట్లో పదో తరగతి దాటిన వాళ్లు ఒక్కరూ లేరనీ, నువ్వే దాటాలె బిడ్డా అని రోజూ అన్నం దగ్గర చెప్తాననీ సాయన్న గర్వంగా చెప్పాడు. ఆ మాట అనడం ఆపమంది నళిని. మరేం అనమంటారని అతడు అడిగాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నళిని కవరు అతని వైపు జరిపింది. బత్తాయిలు వద్దన్నా వినకుండా అక్కడే పెట్టి వెళ్లాడు.

హెడ్‌మాస్టర్ విజయేందర్‌కి చెప్తే ఆయన ఉత్సాహంగా ఒక వక్తను పిలిపించాడు. కోటు వేసుకొచ్చిన ఆ మనిషి పదో తరగతి పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, 'నేను గెలుస్తా' అని మూడుసార్లు అరిపించాడు. తర్వాత అందరితో సెల్ఫీ దిగాడు. నళిని పీరియడ్లు రెండు పోయాయి. ఆ వారం టెస్టులో నవత గెలవలేదు సరికదా, అరిచినందుకు గొంతు బొంగురుపోయి రెండు రోజులు క్లాసులో జవాబులు కూడా చెప్పలేదు.

ఈ చికాకు ఇట్లా ఉండగానే నళిని నెత్తిన ఇంకోటి పడింది. సర్వీసులో ఉన్న టీచర్లు కూడా అర్హత పరీక్ష టెట్ పాసవ్వాలన్న కోర్టు తీర్పు సంగతి కొన్నాళ్లుగా స్టాఫ్ రూములో నలుగుతూనే ఉంది. ఇప్పుడు పరీక్షకు దరఖాస్తు చేసుకోవాల్సిన తేదీలు వచ్చాయి. ఇంగ్లిషు చెప్పే వసుమతి బల్ల గుద్ది మరీ తిట్టింది. నళినికీ ఒళ్లు మండింది. తన దగ్గర చదువుకున్న పిల్లలు ఇంజనీర్లయ్యారు, తనకు లెక్కలు వస్తాయో రావో ఇప్పుడు ఎవరో చూడాలా అని. కోపమే తప్ప భయం మాత్రం లేదు. నూట యాభైకి తొంభై తెచ్చుకోవడం ఏమంత పని అనుకుంది.

ఒక ఆదివారం పొద్దున అబిడ్స్‌కి వెళ్లింది. ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ ఒక చెప్పుల షాపు పక్క మెట్లెక్కి, రెండో అంతస్తులో ఉన్న ప్రాక్టీసు సెంటర్లో మాక్ టెస్టుకు కూర్చుంది. గదిలో ముప్పై కంప్యూటర్లు. అందరూ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల పిల్లలు. టెస్టు మొదలవగానే స్క్రీను మూలలో గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నూట నలభై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు, యాభై ఎనిమిది, యాభై ఏడు.

మొదటి ప్రశ్న పిల్లల మనస్తత్వం గురించి. నళినికి తెలియలేదు. రెండోదీ తెలియలేదు. ఇరవై నాలుగేళ్లు పిల్లల మధ్యే ఉండి వాళ్ల మనస్తత్వం గురించి రెండు ప్రశ్నలకు జవాబు రాకపోవడమేంటని చెవులు వేడెక్కాయి. పక్క కుర్చీ అమ్మాయి మౌసు టిక్కు టిక్కుమంటూనే ఉంది. సరే, లెక్కలకే పోదామని నేరుగా అక్కడికి వెళ్లింది. శాతాల లెక్క. నిద్రలో లేపి అడిగినా చేయగలిగేది. దాన్ని నాలుగుసార్లు చదివింది. అక్షరాలు కనబడుతున్నాయి, మాటలుగా కలవడం లేదు. పాదాలు చల్లబడ్డాయి. ఒకచోట ఇరవై నిమిషాలు ఏం చేసిందో ఆమెకే తెలియదు. చివర్లో అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి, "ఆంటీ, టైం అయిపోయింది, సబ్మిట్ కొట్టండి" అంది.

అరవై ఒకటి వచ్చింది.

కిందికి దిగి ఎటు పోవాలో తోచక జనరల్ పోస్టాఫీసు దాకా నడిచి, గోడ నీడన నిలబడింది. ఎండ బాగా ఉంది. తన మీద తనకే ఎక్కడలేని కోపం వచ్చింది. అంతలో నవత మాట గుర్తొచ్చింది. ఏం తెల్లగైతది అని తాను అడగనైతే అడిగింది, కానీ ఆ పిల్ల జవాబు వినలేదు.

ఇంటికొచ్చి భర్త జితేందర్‌కి చెప్పింది. ఆయన బ్యాంకు ఉద్యోగి, మంచి మనిషే. "నువ్వే పిల్లలకు చెప్పేదానివి, నీకు భయమేంది?" అన్నాడు. ఆ సాయంత్రం టీ ఆయనే పెట్టుకోవాల్సి వచ్చింది.

సోమవారం స్కూలు వదిలాక నవతను ఎనిమిదో గదిలో ఉండమంది. విరిగిన బెంచీలు ఒక పక్క పేర్చి ఉండడంతో ఆ గదిని ఎవరూ వాడరు. నవత తిట్లకు సిద్ధపడి నిలబడింది. నళిని కూర్చోమని చెప్పి, తెల్లగవడం అంటే మొదటి నుంచి చివరిదాకా ఎట్లా అవుతుందో చెప్పమంది.

నవత అనుమానంగానే మొదలుపెట్టింది. ముందు చెవులు కాల్తాయి. ప్రశ్న చదివితే చదివినట్టే ఉంటుంది గాని లోపలికి పోదు. తర్వాత పక్కోళ్ల పెన్నులు నడుస్తున్న చప్పుడు వినబడుతుంది. తన పెన్ను ఒక్కటే నడవట్లేదని తెలుస్తుంది. ఇంక అదే తప్ప వేరే ఏమీ తోచదు.

"నాక్కూడ అయింది. నిన్ననే" అంది నళిని. "టెట్ మాక్ రాసిన. నూట యాభైకి అరవై ఒకటి."

నవత నవ్వలేదు. "కాళ్లు సల్లగైనయా మేడం?" అని అడిగింది.

"ఔ."

"గట్లనే అయితది."

ఆ రోజు నుంచి ఇద్దరూ నాలుగింటికి ఎనిమిదో గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. మొదట నళిని ఫోన్‌లో చూసిన ఊపిరి పద్ధతి ప్రయత్నించారు. నాలుగు అంకెలు లోపలికి, నాలుగు ఆపి, నాలుగు బయటికి. ఆపేచోట నళినికి దగ్గొచ్చింది. నవత లెక్క తప్పి, తప్పానేమోనని మళ్లీ భయపడింది. చివరికి నిదానంగా ఊపిరి వదలడం ఒక్కటే ఉంచుకుని మిగతాది మానేశారు.

తర్వాత నళిని తనకు వచ్చిన దారి పట్టింది. రాని లెక్కను ముక్కలు చేసి, సులువైన ముక్క నుంచి మొదలుపెట్టించడం ఆమె రోజూ చేసే పనే. భయానికీ అదే చేద్దామనుకుంది. ఫోన్‌లో ఐదు నిమిషాలు అలారం పెట్టి, నవతకు మూడు లెక్కలు ఇచ్చింది. తాను పక్క బెంచీలో తన టెట్ ప్రశ్నలు మూడు పెట్టుకుంది.

నవత కాగితం చూసి మొహం ముడుచుకుంది. "మేడం, ఇవి ఏడో తరగతియి."

"తెలుసు. చెయ్."

చేసింది. రెండో రోజూ అంతే. నాలుగో రోజు నుంచి ఒక్కో లెక్క కష్టం పెరిగింది. వారం తిరిగేసరికి ఐదు ప్రశ్నలు, పది నిమిషాలు అయ్యాయి. ఈ నత్తనడక నళిని ప్రాణానికొచ్చింది. పరీక్షలకు నాలుగు నెలలు లేవు, ఇక్కడ పది నిమిషాల దగ్గరే ఉన్నాం అని లోలోపల ఉడికిపోయేది.

రాసేటప్పుడు మనుషులు తిరుగుతుంటే నవతకు భయం ఎక్కువవుతుందని, అది అలవాటు కావడానికి ఒకరోజు వసుమతిని ఇన్విజిలేటర్‌లాగా గదిలో తిరగమంది. వసుమతి చెప్పులు టకటకలాడిస్తూ రెండు చుట్లు తిరిగిందో లేదో నవత పెన్ను ఆగిపోయింది. పది నిమిషాలూ ఆగిపోయే ఉంది. అలారం మోగగానే నళిని కాగితం లాక్కుని చూసింది.

"మళ్లా ఏంది ఇది? రోజూ కూర్చుంటున్న కదా నీ కోసం."

వసుమతి మెల్లగా బయటికి జారుకుంది. నవత కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ ఈసారి నేల చూడలేదు.

"మేడం, ఒకటి చెప్తే కోపం జెయ్యరు కదా. పేపర్ జూస్తే నాకు భయం కాదు. పేపర్ దిద్దేటప్పుడు మీ మొహం ఎట్లుంటదో, అదే యాదికొస్తది. గప్పుడు తెల్లగైతది."

నళినికి చెంప మీద కొట్టినట్టయింది. బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. అబిడ్స్ చౌరస్తా దాకా ఆటోల మధ్య పడి నడుస్తూ, మనసులోనే ఆ పిల్లతో గొడవపడింది. సాయంత్రాలు ఇచ్చింది. ఇంట్లో వంట ఆలస్యమవుతున్నా ఊరుకుంది. తన సొంత చదువు పక్కన పెట్టింది. ఇంత చేస్తే తన మొహం బాగాలేదట. గన్‌ఫౌండ్రీ వచ్చేసరికి వాదన అయిపోయింది. అరవై ఒకటి వచ్చిన రోజు తాను ఎవరికి భయపడిందో ఆలోచించింది. కంప్యూటర్‌కి మొహం లేదు. అయినా స్టాఫ్ రూములో ఒక్కొక్కరి మొహం ఎట్లా ఉంటుందో ఆ రెండున్నర గంటలూ ఆమెకు కనబడుతూనే ఉంది. ఆ పిల్ల మాట తప్పని తనకు తాను అబద్ధమాడి ప్రయోజనం లేదనిపించింది.

మర్నాడు నవత రాదేమో అనుకుంది. వచ్చింది. నళిని ఎర్ర పెన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇక నుంచి నవత పేపరు తాను దిద్దదు, జవాబులు చూసుకుని నవతే దిద్దుకోవాలి. నళిని పేపరు కూడా నవతే దిద్దాలి.

"మీదా?" అంది నవత.

"జవాబులు పుస్తకం వెనక ఉన్నయి. చూసి వెయ్."

మొదటి రోజు నవత బెదురుతూ దిద్దింది. మూడో రోజుకు చెయ్యి తిరిగింది. పిల్లల మనస్తత్వం మీద నళిని రాసిన ఐదింట్లో మూడు తప్పుపోతే, ఇంటూలు పెట్టి నోటితో 'చ్' అంది. ఆ 'చ్' తనదేనని నళిని గుర్తుపట్టింది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "ఇది నిన్న గూడ తప్పే వెట్టిన్రు మేడం. పైకి చదువున్రి" అని నవత పుస్తకం ముందుకు తోసింది. గడియారం దిక్కు చూస్తే ఊరుకునేది కాదు. నళినికి చదువుతున్న ప్రశ్నను సగంలో వదిలి అలారం ఎంతైందో చూసే అలవాటు ఉందని కనిపెట్టి, ఫోనును బోర్లా పెట్టింది కూడా నవతే.

ఇద్దరూ కలిసి కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. పేపరు రాగానే మొదటి ప్రశ్నకు అతుక్కుపోకుండా మొత్తం చదవాలి. వచ్చిన వాటికి టిక్కు పెట్టి, అన్నిటికంటే సులువైన దాంతో మొదలుపెట్టాలి. ఏమీ తోచకపోతే ఏదైనా ఒక సూత్రమో, ఎక్కమో రాస్తూ ఉండాలి, పెన్ను మాత్రం ఆగకూడదు. వసుమతి మళ్లీ వచ్చి చెప్పులు టకటకలాడించింది. ఆగిన పెన్ను మూడు నిమిషాలకు కదిలింది. ఇంకో వారానికి ఒక్క నిమిషానికే కదిలింది. సంక్రాంతి సెలవుల ముందు గంటన్నర పేపరు పెడితే నవత సగానికి పైగా రాసింది. నళిని మెచ్చుకోబోయి, రేపు కూడా రమ్మంది.

నళిని టెట్ జనవరిలో జరిగింది. శివార్లలో ఎక్కడో ఇంజనీరింగ్ కాలేజీలో సెంటర్ పడింది. చెవులు వేడెక్కాయి, పాదాలు చల్లబడ్డాయి. అయినా అన్నిటికీ జవాబు పెట్టి బయటికొచ్చింది. ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. ఎనభై ఎనిమిది. రెండు మార్కులతో పోయింది.

స్టాఫ్ రూములో అందరూ ఓదార్చారు. పోయినందుకంటే ఆ ఓదార్పులకే నళిని విసిగిపోయింది. ఆమెకు అసలు దిగులు వేరే ఉంది. నవత పబ్లిక్ పరీక్షలకు నెల రోజులే ఉంది. ఇన్ని నెలలు పక్కన కూర్చుని రాసిన టీచరే తప్పిందని తెలిస్తే ఆ పిల్ల ఏమవుతుందోనని భయం. ఫలితం ఇంకా రాలేదని చెప్దామనుకుంది. కానీ నవత ఎనిమిదో గదిలోకి వస్తూనే, ఫలితాలొచ్చాయని విన్నాను, ఎన్నొచ్చాయని అడిగింది.

నళిని చెప్పింది.

నవత బెంచీ మీద కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్కవేసింది. "అరవై ఒకటి నుంచి ఎనబై ఎనిమిది. ఖాళీ ఎన్ని పెట్టిన్రు?"

"ఒక్కటి కూడ లేదు."

"మరింకేంది" అంది నవత. "జూన్‌ల మళ్ల ఉంటది కదా. ఇయ్యాల మనస్తత్వందే చేద్దాం, అండ్లనే పోతున్నయి మీకు." పుస్తకం తెరిచింది. ఓదార్చలేదు. నళినికి ఆ నెలలో దొరికిన మేలైన మాట అదే.

పదో తరగతి లెక్కల పరీక్ష రోజు నవతను చాదర్‌ఘాట్‌లోని సెంటర్ దగ్గర సాయన్న దింపాడు. అన్నం దగ్గర చెప్పే మాటను ఆ నెలంతా మానేశాడట, బదులుగా ఏం అనాలో తెలియక ఊరికే పక్కన కూర్చునేవాడట. నళినికి ఇంకో స్కూల్లో ఇన్విజిలేషన్ పడింది. మూడు గంటలపాటు గదిలో తిరుగుతూ, చెప్పుల చప్పుడు కాకుండా జాగ్రత్తపడింది.

సాయంత్రం నవత స్కూలుకు వచ్చి, అడగకముందే మొత్తం చెప్పింది. మొదటి ప్రశ్నే రాలేదు. రెండోది కూడా అర్థం కాలేదు. చెవులు కాలాయి, తెల్లగా అయింది. పక్కోళ్లు రాస్తున్నారు. ఊపిరి నిదానంగా వదిలి, పేపరు తిరగేస్తే చివర్లో గ్రాఫు లెక్క కనబడింది. అది మొదలుపెట్టింది. అట్లా వెనక నుంచి ముందుకొచ్చింది. మొదట్లోనే ఇరవై నిమిషాలు పోయాయి. రెండు పెద్ద లెక్కలకు టైం చాల్లేదు.

"ఇరవై నిమిషాలు పోయినయా?" అంది నళిని. వెంటనే నోరు మూసుకుంది.

"పొయినయి" అంది నవత. "మిగిలినయన్ని నాయే కదా, మేడం."

లెక్కల్లో ఇంటర్నల్స్ కలిపి వందకు అరవై నాలుగు వచ్చాయి. మిగతావాటిలో అంతకంటే ఎక్కువే వచ్చాయి. సాయన్న ద్రాక్షలు, బత్తాయిలు, ఇంకా పేరు తెలియని పండేదో మోసుకొచ్చి స్టాఫ్ రూమంతా పంచాడు. ఆ పిల్ల తొంభై తెచ్చుకోగలదని నళినికి తెలుసు. అరవై నాలుగు చూసి సగం సంతోషం, సగం చిరాకు. ఆ రెండోది మొహంలో కనబడకుండా ద్రాక్షలు తింది. నవత ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే వసుమతి ఆశ్చర్యపోయింది. నళినికి ఏమీ ఆశ్చర్యమనిపించలేదు.

జూన్‌లో నళిని మళ్లీ టెట్ రాసింది. తొంభై ఏడు వచ్చాయి. విజయేందర్ అభినందించి, కొత్త పదో తరగతి పిల్లలకు ఆత్మవిశ్వాసం మీద ఒక గంట మాట్లాడమన్నాడు. బ్యానరు కూడా రాయిస్తానన్నాడు. నళిని మాట్లాడనంది. రోజూ నాలుగింటికి ఎనిమిదో గది కావాలని, అందులోని విరిగిన బెంచీలు తీయించమని అడిగింది. బెంచీలు తీయాలంటే పై నుంచి అనుమతి రావాలని ఆయన అన్నాడు. పది రోజులు కాగితాలు తిరిగాయి. చివరికి నళినే పిల్లలతో కలిసి వాటిని వరండాలోకి మోసింది.

మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. మృదుల అనే పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి, తప్పు చేస్తే తిడతారా అని అడిగింది.

"తిడ్త" అంది నళిని. "నాకు అలవాటు. అప్పుడు మీరు ఆపమనున్రి, ఆపుత."

అలారం పెట్టి, తలా మూడు లెక్కలు ఇచ్చింది. మొదటి అలారం మోగేలోపే పిల్లలు ఆమెను మూడుసార్లు ఆపారు.